తీగ మీద ఎర్ర థమైన్

ఆదివారం ఉదయం ఏడింటికే సాన్ మే వంటగది గట్టు మీద మూడు పాత ఫోన్లు వరసగా నిలబెట్టి, మూడింట్లోనూ వీడియోలు మొదలుపెట్టింది. ఒకదాంట్లో సబ్బు ప్రకటన, ఇంకోదాంట్లో టూత్‌పేస్టు, మూడోదాంట్లో ఎవరో కారు అమ్ముతున్నారు. ఆ ప్రకటనలు ఎంతమంది చూస్తే అంత డబ్బు మాండలేలో సమ్మె చేస్తున్న రైల్వేవాళ్ళ బియ్యానికి వెళుతుంది. బర్మాలో సైన్యం అధికారం లాక్కున్నప్పటి నుంచి, అంటే ఆరు వారాలుగా, ఆస్ట్రేలియాలో, పెర్త్‌లోని ఆ ఇంట్లో వంట కంటే ముందు మొదలయ్యే పని అదే.

"అమ్మమ్మా, సబ్బు ఆగిపోయింది," అంది తొమ్మిదేళ్ళ యమోన్, మొహింగా నూడుల్స్ గిన్నెలోంచి తల ఎత్తకుండా.

"అయితే నొక్కు. నీ వేళ్ళేం అరిగిపోవు."

"ఎప్పుడూ సబ్బేనా? మనం ఒక్కసారి కూడా కొనలేదు కదా, వాళ్ళకి కోపం రాదూ?"

సాన్ మే నవ్వలేదు. మామూలు రోజైతే నవ్వేదే. ఆమె చూపంతా కిటికీ బయట, కారు పక్కన నిలబడి ఫోన్లో గొంతు తగ్గించి మాట్లాడుతున్న అల్లుడి మీద ఉంది. ఇంట్లో నాలుగు గదులున్నాయి. థురాకి మాత్రం ఈ మధ్య మాట్లాడుకోవడానికి కారు పక్కన తప్ప చోటు దొరకడం లేదు.

థురా సిటీ బస్సు నడుపుతాడు. నెమ్మదస్తుడని పదకొండేళ్ళ కిందట కూతురు నిలార్‌ని ఇచ్చింది. కానీ ఈ ఆరు వారాల్లో పోరాటానికి మద్దతుగా అతని ఫేస్‌బుక్ బొమ్మ ఎర్రగా మారలేదు. తెలిసినవాళ్ళందరూ సైన్యాన్ని ధిక్కరిస్తూ మూడు వేళ్ళెత్తి ఫోటోలు పెట్టారు, అతను పెట్టలేదు. మాండలేలో సాన్ మే పుట్టిన వీధిలో పిల్లలు పొగలో పరుగెత్తే వీడియో ఆమె పంపిస్తే, అల్లుడు చూశాడని కనిపించింది. అంతే, ఒక్క ముక్క రాయలేదు.

గురువారం జరిగినదైతే ఆమె ఎవరికీ చెప్పలేదు. గట్టు మీద ఫోన్లలో ఒకటి మోగితే తనదే అనుకుని తీసింది. అది ఛార్జింగ్‌కి పెట్టిన థురా ఫోను. తెర మీద సైనిక దుస్తుల్లో ఒక యువకుడు, భుజాల మీద నక్షత్రాలు. కింద రెండే మాటలు: "అన్నా, ఆదివారం." సాన్ మే తన ఫోనుతో దాన్ని ఫోటో తీసుకుంది. పెళ్ళినాడు థురా తన తమ్ముడు సితు రోడ్డు కాంట్రాక్టరని చెప్పాడు.

సాన్ మే మాండలేలో టీచరుగా చేసింది. ఆమె భర్త కూడా బడిపంతులే. ఎనభై ఎనిమిదిలో ప్రజాస్వామ్యం కోసం చేసిన ఊరేగింపు నుంచే సైన్యం పట్టుకుపోయింది. నాలుగేళ్ళ తర్వాత వదిలారు. ఇంటికి వచ్చిన మనిషి తలుపు చప్పుడైతే చాలు మంచం కిందకి దూరేవాడు. ఆ దుస్తుల నీడ తన గడప తొక్కకూడదని ఆమె అప్పుడే అనుకుంది.

ఈ రోజు ఆదివారం. అందుకే బట్టలు ఉతికాక, ఆమె తన ఎర్ర థమైన్‌ని వేడినీళ్ళ ట్యాంకు వెనకున్న ఆడవాళ్ళ బట్టల తీగ మీద వేయలేదు. వంటింటి తలుపు నుంచి కారు దగ్గరికి వెళ్ళే దారికి అడ్డంగా కొత్తగా ఒక తాడు కట్టి, సరిగ్గా మనిషి తల ఎత్తున ఆరేసింది.

ఆడవాళ్ళు నడుముకి చుట్టుకునే ఆ గుడ్డ కింద నుంచి నడిస్తే మగవాడి తేజస్సు పోతుందని బర్మాలో పుట్టిన ప్రతి మగపిల్లాడికీ ఉగ్గుపాలతోనే చెబుతారు. మాండలేలో ఆమె వీధి ఆడవాళ్ళు ఈ నెలలోనే థమైన్‌లు వీధికి అడ్డంగా కట్టేస్తే, తుపాకులు పట్టుకున్న సిపాయిలు కర్రలతో వాటిని దించుకుంటూ నిలబడిపోయారు. ఆ వీడియో ఆమె వందసార్లు చూసి ఉంటుంది. పోరాటం వైపు నిలిచిన కుర్రాళ్ళు మాత్రం నవ్వుతూ ఆ గుడ్డల్నే తలకి చుట్టుకున్నారు. భయపడేది వాళ్ళే, ఆ దుస్తులవాళ్ళే.

ఎనిమిదింటికి థురా తాళాలు ఊపుకుంటూ వంటింటి తలుపు తీశాడు. రెండడుగులు వేసి ఆగాడు. తాడు వైపు చూశాడు, ఆకాశం వైపు చూశాడు. తర్వాత వెనక్కి తిరిగి, ఇంట్లోంచి నడిచి, వీధి గుమ్మం గుండా చుట్టూ తిరిగి కారు దగ్గరికి వెళ్ళాడు.

సాన్ మేకి ఇంకేం అక్కర్లేకపోయింది. సిడ్నీలో ఉన్న ఖైంగ్‌కి ఫోన్ చేసింది. ఖైంగ్ ఒకప్పుడు ఆమె శిష్యురాలు. సైన్యంలో పెద్దల బంధువులు, వాళ్ళ వేగులు ఏ దేశంలో ఏ ఇంట్లో ఉన్నారో ఫోటోలతో బయటపెట్టే పేజీ ఇప్పుడు ఆమె చేతిలో ఉంది. ఆ పేజీలో పేరు పడితే చాలు, గుడిలో పక్కన ఎవరూ కూర్చోరు, కొట్లో ఎవరూ పలకరించరు.

"మామూలుగా ఇద్దరు సాక్షులు కావాలి టీచర్. మీరు చెప్పాక ఇంక సాక్షులెందుకు?" అంది ఖైంగ్. "కానీ... నిలార్ మొగుడు కదా. బాగా ఆలోచించుకున్నారా?"

"మా ఆయన్ని పట్టుకుపోయేటప్పుడు వాళ్ళెవరైనా ఆలోచించారా?"

"సరే. మీకు సాయంత్రం నాలుగైనప్పుడు పెడతాను. తమ్ముడి ఫోటో, అన్న పేరు, ఊరు."

వృద్ధుల శరణాలయంలో రాత్రి డ్యూటీ చేసి వచ్చిన నిలార్ మధ్యాహ్నం దాకా నిద్రపోయింది. రెండున్నరకి నలుగురూ భోజనానికి కూర్చున్నారు. థురా అన్నం కలుపుతున్నాడే గాని తినడం లేదు. నిమిషానికోసారి ఫోను తిప్పి చూస్తున్నాడు.

"ఏం బాబూ, ఆదివారం కూడా బస్సు డిపోవాళ్ళు వదలరా?" అంది సాన్ మే.

"అబ్బే, ఏం లేదు అత్తయ్యా."

"ఏం లేనిదానికి అన్నిసార్లు చూడాలా?"

"అమ్మా, తిననీ," అంది నిలార్.

"తిననీ. నేనేం పళ్ళెం లాక్కున్నానా? ఈ ఇంట్లో ఎవరి అన్నం తింటూ ఎవరి పని చేస్తున్నారో తెలియాలి కదా అంటున్నాను."

థురా చెయ్యి ఆగింది. "ఎవరి పని?"

"నీ తమ్ముడు రోడ్లు వేస్తాడన్నావు. భుజాల మీద నక్షత్రాలు పెట్టుకుని వేస్తాడని చెప్పలేదేం?"

గట్టు మీద ఫోన్లో సబ్బు ప్రకటన పాట పాడుకుంటోంది.

"నాకు తెలుసమ్మా," అంది నిలార్ చివరికి. "పెళ్ళికి ముందే నాకు చెప్పాడు. నీకు చెప్పొద్దన్నది నేను. నాన్న సంగతి తలుచుకుని నువ్వు ఒప్పుకోవని."

సాన్ మే కూతురి వైపు చూసింది. తలుపు చప్పుడుకి మంచం కిందకి దూరిన తండ్రిని బతిమాలి బయటికి తెచ్చిన పిల్ల ఇదేనా అనిపించింది. "మంచిది. అయితే ఇద్దరూ కలిసే వినండి. నాలుగింటికి అందరికీ తెలుస్తుంది. ఫోటో ఖైంగ్‌కి పంపేశాను."

థురా లేచిన ఊపుకి కుర్చీ వెనక్కి పడింది. "ఏ ఫోటో? సితు ఫోటోనా?"

"ఎందుకంత ఉలికిపాటు?"

"అత్తయ్యా, వాడు పొద్దున సెలవు చీటీతో క్యాంపు దాటాడు. మళ్ళీ వెళ్ళడు. చీకటి పడేలోగా సరిహద్దు ఏరు దాటి అవతలికి పోవాలి. ఆ పేజీని మనకంటే ముందు చూసేది వాడి పైవాళ్ళే. అన్న పేరుతో సహా వాడి మొహం అందులో కనిపిస్తే దారిలో ప్రతి కాపలా దగ్గరికీ కబురు వెళుతుంది." అతను పడిన కుర్చీ లేపి నిలబెట్టాడు. "నెల రోజులుగా చెబుతున్నాను వాడికి, వచ్చెయ్ వచ్చెయ్ అని. గురువారానికి ఒప్పుకున్నాడు. నేను బొమ్మ ఎర్రగా మార్చనిది అందుకే. నా పేరు పక్కన ఎరుపు కనిపిస్తే వాణ్ణి గదిలో కూర్చోబెట్టి అడుగుతారు."

"మరి ఆ దుస్తుల ఫోటో?"

"ఆదివారం నుంచి ఇక వేసుకోనని పంపాడు. చూసి వెంటనే చెరిపేశాను."

"అంటే రుజువు లేదన్నమాట."

"లేదు. రుజువు మిగిలిందంటే వాడు మిగలడు."

సాన్ మే గోడ గడియారం వైపు చూసింది. మూడుంపావు. కథ బాగానే అల్లాడు, నాలుగు దాటించడానికి. బడిలో నలభై ఏళ్ళు పిల్లల కథలు విన్న మనిషి ఆమె. కాపీ కొట్టినవాడే ఎక్కువ ఏడుస్తాడు.

"అంత పోరాటం వైపు ఉన్నవాడివి, పొద్దున నా థమైన్ చూసి ఎందుకు చుట్టూ తిరిగావు?"

థురా జవాబు చెప్పడానికి సిగ్గుపడ్డాడు. బస్సు నడిపే ముప్పై తొమ్మిదేళ్ళ మనిషి, మెడ దాకా ఎర్రబడ్డాడు.

"మా అమ్మ పోయేముందు మా ఇద్దరి చేతా ప్రమాణం చేయించింది, దాని కింద నుంచి ఎప్పుడూ నడవబోమని. నాకు నమ్మకం లేదు. కానీ ఇవాళ వాడు దారిలో ఉన్నాడు కదా అత్తయ్యా. నేను ఇక్కడ చేసిన దానివల్ల అక్కడ వాడికేమైనా అయితే అని... పిచ్చే అనుకోండి. ఒక్క ఇవాళ్టికి వద్దనుకున్నాను."

సాన్ మే పెరట్లో ఊగుతున్న తాడు వైపు చూసింది. భర్త జైల్లో ఉన్న నాలుగేళ్ళూ ఆమె అతని ఖాళీ చొక్కాలు ఉతికి అన్నిటికంటే పై తీగ మీద ఆరేసేది. వాటి పక్కన, వాటి పైన తన బట్ట ఒక్కటీ పడనిచ్చేది కాదు. వేసుకునే మనిషి లేడని తెలుసు. అయినా ఆ తీగ కిందకి దింపితే అక్కడ అతనికేమవుతుందోనని భయం. ఆ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, చెబితే నవ్వుతారని.

అబద్ధం ఆడేవాడైతే తన కళ్ళ ముందు తల వంచుకుని దాని కింద నుంచే వెళ్ళేవాడు. అందరికంటే ముందు బొమ్మ ఎర్రగా మార్చేవాడు. ఈ మాట ఆరు వారాల్లో ఒక్కసారీ ఎందుకు తట్టలేదు?

"ఫోను ఇలా ఇవ్వు యమోన్," అంది.

ఖైంగ్ ఎత్తలేదు. రెండోసారీ ఎత్తలేదు. ఆదివారం గుడి వంటశాలలో వండుతూ ఉంటుంది. మూడూ నలభైకి ఎత్తింది, వెనక గిన్నెల చప్పుడు.

"ఖైంగ్, అది పెట్టకు. నేను పొరబడ్డాను."

"టీచర్, అతను మీ పక్కనే ఉన్నాడా?"

"ఉన్నాడు."

"బెదిరిస్తున్నాడా? అవుననో కాదనో చెప్పండి చాలు. అందరూ ఇలాగే చేస్తారు, ఇంట్లోవాళ్ళ చేత వెనక్కి తీసుకోమని చెప్పిస్తారు. మీరే కదా చెప్పారు, ఎవర్నీ నమ్మొద్దని."

అవును, తనే చెప్పింది. ఇప్పుడు ఏం చెప్పినా అల్లుడు చెప్పిస్తున్నట్టే వినిపిస్తుంది. సితు గురించి ఫోన్లో ఒక్క ముక్క చెప్పినా ప్రమాదమే. థురా గోడకి ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు.

"ఖైంగ్, ఆరో తరగతిలో నా పెన్ను పోయింది. గుర్తుందా?"

అటువైపు గిన్నెల చప్పుడు ఆగింది.

"నువ్వే తీశావని క్లాసు ముందు నిలబెట్టాను. మీ అమ్మని పిలిపించాను. రెండు రోజుల తర్వాత ఆ పెన్ను నా సంచి అడుగున దొరికింది. ఎవరికీ చెప్పలేదు. టీచరు పొరబడిందంటే ఎవరు గౌరవిస్తారని." ఆమె భుజం మీది తుండు అంచుతో ముక్కు తుడుచుకుంది. "ఈ మాట ఎవరో చెప్పిస్తే చెప్పేది కాదు కదమ్మా. ఇవాళ మళ్ళీ అదే పని చేశాను. మళ్ళీ దాచలేను."

ఖైంగ్ అంది: "ఆ పెన్ను ఆ వారంలోనే మీ చేతిలో చూశాను టీచర్. మీరే చెబుతారని చూశాను." ఆ వెంటనే, "చెరిపేస్తున్నాను. నా దగ్గర కూడా ఉంచను," అంది.

తర్వాత చేయడానికేమీ లేదు. సముద్రం గాలి మొదలైంది, పెరట్లో ఎర్ర థమైన్ ఒకటే కొట్టుకుంటోంది. సాన్ మే రెండుసార్లు టీ పెట్టింది, రెండుసార్లూ చల్లారిపోయింది. నిలార్ భర్త పక్కన కూర్చుంది గాని తల్లితో మాట్లాడలేదు. తల్లి కూడా మాట్లాడించే సాహసం చేయలేదు. నాలుగు దాటింది, అయిదు దాటింది. అక్కడ ఇంకా ఎండ ఉంటుంది. ఆమె ప్రతి అరగంటకీ ఒకటిన్నర గంటలు తీసేసి అక్కడి సమయం లెక్కవేసుకుంటోంది.

ఏడింటికి థురా ఫోను మోగింది. అతను చూసి, ఏమీ అనకుండా దాన్ని అత్తగారి చేతిలో పెట్టాడు.

తడిసిన చొక్కాతో ఒక కుర్రాడు. భుజాల మీద నక్షత్రాలు లేవు. తలకి పాతబడిన ఊదారంగు థమైన్ చుట్టుకున్నాడు. కళ్ళు అచ్చం థురావే.

"అది మా అమ్మది," అన్నాడు థురా. "పదేళ్ళుగా సంచిలో పెట్టుకు తిరుగుతున్నాడట వెధవ, నాక్కూడా చెప్పకుండా." నవ్వబోయి నేల మీద కూర్చుండిపోయాడు. నిలార్ అతని తల దగ్గరికి తీసుకుంది.

సాన్ మే మెల్లగా పెరట్లోకి నడిచింది, తాడు విప్పేద్దామని. ముడి గాలికి బిగుసుకుంది. వేళ్ళు పట్టు తప్పుతున్నాయి. వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి ముడి పట్టుకుంది.

"ఉండండి అత్తయ్యా, నేను తీస్తాను."

"థురా, నేను నిన్ను..."

"మీరు ఫోటో తీయడం చూస్తే నేనే ముందు చెప్పేవాణ్ణి. చెప్పకపోవడం నా తప్పు కూడా," అన్నాడు అతను. "ఇంట్లో ఇక ఎవరి దగ్గరా ఏదీ దాచొద్దు, సరేనా."

అతను థమైన్‌ని తాడు మీంచి లాగి, ఒకసారి దులిపి, తలకి చుట్టుకున్నాడు. అది కళ్ళ మీదకి జారింది. అలాగే వంటింటి తలుపు దాకా తడుముకుంటూ నడిచాడు. గుమ్మంలో నిలార్ ఏడుస్తూనే నవ్వేసింది.

యమోన్ ఫోను పైకెత్తింది. "అమ్మమ్మా, ఫోటో తీయనా? పెడదామా?"

సాన్ మే మనవరాలి చేతిలోంచి ఫోను తీసుకుని గట్టు మీద, సబ్బు ప్రకటన పక్కన బోర్లా పెట్టింది.

"వద్దు తల్లీ," అంది. "ఇది మనం చూస్తే చాలు."