పిలవకుండా వచ్చిన సీనియర్

డాక్టర్ లాల్‌సింగ్ అన్నం ముద్ద నోట్లో పెట్టుకోబోతుంటే ఆయా జమ్లి గుమ్మంలో ప్రత్యక్షమైంది.

"సారూ, హైమమ్మ జల్దీ రమ్మంటుంది."

"ఏందంట?"

"ముసలాయనకు జరమంట." జమ్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "పొద్దటి సంది ఎన్నిసార్లు పిలిచిందో! దవాఖానంత అనుకుంటున్నరు సారూ."

"ఏమనుకుంటున్నరు?"

"నన్నడుగుతరేంది, మీకు తెల్వదా!"

తెలుసు. భద్రాచలం అడవి అంచునున్న ఆ చిన్న దవాఖానాకు హైమ వచ్చి నెల కూడా కాలేదు. సత్తుపల్లి రైతు బసవపున్నయ్యగారి కూతురు. ఇంగ్లండులో రెండేళ్లు జూనియర్ డాక్టరుగా చేసి, ఎనభై నాలుగు వానాకాలంలో సెలవు మీద వచ్చి, ఇంట్లో ఊరికే కూర్చోలేక ఇక్కడ చేరింది. అంతటి అమ్మాయి జ్వరానికి కూడా తనని పిలిపిస్తోందంటే ఒకటే అర్థం. కూసుమంచి పక్క తండాలో పుట్టిన మన డాక్టరుకు ఆ అర్థం బెల్లం ముక్కలా ఉంది. వానలో తడిసిపోతుందని తెలిసీ తల దువ్వుకుని మరీ బయల్దేరాడు.

వార్డులో ధైర్యం చేసి అడిగేశాడు. "జ్వరానికి నన్నెందుకు పిలిచిండ్రు హైమగారూ?"

ఆమె వింతగా చూసింది. "అదేంటండీ! మీరు సీనియర్ కదా. అక్కడ సీనియర్‌కి చెప్పకుండా జూనియర్ ఏదీ తేల్చకూడదు. పిలవకపోతేనే తిడతారు."

"అంటే... రూలా?"

"రూలే. మీరేమనుకున్నారు?"

"ఏమనుకోలే." లాల్‌సింగ్‌కు ఉక్రోషం ముంచుకొచ్చింది. "ఇక్కడ గట్ల ఉండదు. నేను చేరిన రెండో రోజే కాన్పు కేసు నా చేతుల పెట్టి పెద్ద డాక్టరు ఊరికి పోయిండు. చేస్కుంటనే నేర్చుకున్న."

"పేషెంటు అదృష్టం మీద నేర్చుకున్నారన్నమాట!"

"అక్కడేం నేర్పిండ్రు మరి?"

హైమ నిట్టూర్చింది. "కత్తి చేతికిస్తే కదా! రోజు విడిచి రోజు రాత్రంతా డ్యూటీ, పొద్దున పెద్దాయన వెనకాల ఫైళ్లు మోయడం. ఇరాన్‌లో డాక్టరుగా ఉన్న నా ఫ్రెండుకి జీతం బానే ఇస్తున్నారట గానీ, 'నొప్పెక్కడ' అని అడగాలన్నా పక్కన దుబాసీ ఉండాలట."

ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వులో అతని కోపం కరిగిపోయింది.

"నిజం చెప్పాల్నంటే ఆ కాన్పు రోజు నాకు మస్తు భయమైంది. పిలిస్తే వచ్చేటోళ్లు ఒక్కరుంటే మంచిగుండు అనిపించింది."

హైమ అతని వైపు కొత్తగా చూసింది. ఆ చూపు ఏ రూలు కిందికి వస్తుందో అతనికి తెలియలేదు.

"ఒక పని చేద్దాం," అన్నాడు తడబడుతూ. "నేను పక్కన నిలబడత, మీరు చెయ్యండి. చెయ్యి కుదిరినంక అన్నిటికీ పిలవొద్దు."

చెయ్యి తొందరగానే కుదిరింది. వానలు తగ్గుముఖం పట్టేసరికి కాన్పులూ, విరిగిన ఎముకలూ హైమ ఒక్కతే చూసుకుంటోంది. జమ్లి గుమ్మంలోకి రావడం మానేసింది. ఇప్పుడు లాల్‌సింగ్ భోజనానికి అడ్డొచ్చేవాళ్లు లేరు, కానీ ముద్ద గొంతు దిగడం లేదు. అంత బాగా ఎందుకు నేర్పానురా అని తనను తనే తిట్టుకున్నాడు. ఆమె సెలవు అయిపోవస్తోంది. ఇంగ్లండు వెళ్తే మళ్లీ ఎవరో సీనియర్‌ని పిలుస్తుంది. ఆ ఎవరో మీద ఇప్పటి నుంచే ఒళ్లు మండుతోంది.

ఒక మధ్యాహ్నం కంచం ముందు నుంచి లేచి, ఉన్నట్టుండి మళ్లీ పట్టుకున్న జోరు వానలో వార్డుకు పరిగెత్తాడు. హైమ ఒకాయన కాలికి కట్టు కడుతోంది.

"నేను పిలవలేదే!"

"తెలుసు. నాకు చేతగాని కేసొకటుంది. సలహా కావాలె."

"ఏం కేసు?"

"ఒక సీనియరు. తిండి లేదు, నిద్ర లేదు. జూనియరు పిలుస్తలేదని బెంగ." గొంతు సవరించుకున్నాడు. "మీరంటే నాకిష్టం హైమగారూ. పోవద్దనే హక్కు నాకు లేదు. అయినా అడుగుతున్న, పోకండి."

వార్డంతా దగ్గు ఆపుకుని వింటోంది. హైమ కట్టు ముడేసి, తీరిగ్గా చేతులు కడుక్కుంది.

"అక్కడి ఉద్యోగం వద్దని మొన్ననే టెలిగ్రాం కొట్టేశాను. నాన్నగారికీ చెప్పాను. 'నోరు తెరిస్తే ఆ డాక్టరు మాటే, ఓసారి భోజనానికి తీసుకురా, చూద్దాం' అన్నారు."

"మొన్ననేనా! మరి నాకు చెప్పలేదేంది?"

ఆమె కళ్లు చిలిపిగా మెరిశాయి.

"ఎలా చెప్పనండీ? అన్నిటికీ పిలవొద్దన్నారుగా!"