చెప్పనంటే ఉన్నట్టేనా?

ఆ ఇంట్లో చిన్నావిడకి తాళంకప్ప అని పేరు పెట్టింది ఆమె అక్కే. మాట కడుపులో దాచుకోవడంలో చిన్నప్పటి నుంచీ ఆమెకు ఆమే సాటి. పెద్దయ్యాక దొరికిన ఉద్యోగమూ అలాంటిదే. ప్రభుత్వ కార్యాలయంలో తుపాకీ లైసెన్సుల రికార్డులు చూసే విభాగం. అక్కడ ఆమెకు తెలిసిన సంగతులు ఆమె జడకి కూడా తెలియవు.

ఆ ఉదయం ఆమె చెప్పులు వేసుకుంటుంటే అక్క టీ గ్లాసుతో ఎదురొచ్చింది. అక్క కూతురికి ఈమధ్యే పెళ్ళి కుదిరింది. అడగకుండా టీ వచ్చిందంటే ఏదో పని పడిందన్నమాటే.

“పెళ్ళికొడుకు వాళ్ళింట్లో తుపాకీ ఉందంటావా?”

“ఎవరన్నారు?”

“ఎవరూ అనలేదు. వాళ్ళ నాన్న కాంట్రాక్టులు చేసే మనిషి కదా, ఉంటుందేమోనని నా అనుమానం. ఒక్కసారి కంప్యూటర్లో చూసి చెప్పవే. అవునో, కాదో. అంతే.”

“చెప్పను.”

అక్క మొహం పాలిపోయింది. “అయితే ఉందన్నమాట!”

“చెప్పనన్నాను. ఉందనలేదు.”

“నీ సంగతి నాకు తెలీదా? చిన్నప్పుడు నీ దగ్గర మిఠాయి లేకపోతే లేదనేదానివి. దాచుకుంటే చెప్పననేదానివి. ఎప్పుడూ అంతేగా!”

తాళంకప్ప టీ గ్లాసు గట్టు మీద పెట్టి కూలబడింది. బస్సు పోతే పోనీ అనుకుంది.

“అది మిఠాయి అక్కా. ఇది వేరు. లేనివాళ్ళ గురించి లేదని చెప్పేస్తే, రేపు ఉన్నవాళ్ళ గురించి నోరు మూసుకున్నా చెప్పేసినట్టేగా? అందుకే ఎవరడిగినా ఒకటే మాట.”

“నేనూ ఎవరోనేనా నీకు?” అంది అక్క. “మీ బావ పోయాక పిల్లని ఒంటిచేత్తో పెంచాను. తుపాకీ ఉన్న ఇంటికి పంపించి నేను కంటినిండా నిద్రపోగలనా? తోడబుట్టినదానివి, ఇంత రాయి గుండె ఏమిటే నీది?”

పెళ్ళికూతురు తడి జుట్టు తుడుచుకుంటూ వచ్చింది. “అమ్మా, అంత అనుమానంగా ఉంటే వాళ్ళనే అడుగు. పిన్నినెందుకు సాధిస్తావ్?”

“అడిగితే నిజం చెప్తారా? నాకీ సంబంధం వద్దు. ఇప్పుడే ఫోన్ చేసి చెప్పేస్తా.”

“వద్దమ్మా. నాకు అతనంటే ఇష్టం.” ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

తాళంకప్ప ఆ పిల్లకేసి చూసింది. ఒక్క మాట అంటే చాలు, అక్క నోరు మూతపడుతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

అక్క ఫోన్ చేసింది. తను నోరు విప్పేలోపే పెళ్ళికొడుకు తల్లి అందుకుంది.

“వదినగారూ, నేనే చేద్దామనుకుంటున్నాను. మనసులో పెట్టుకోలేక చస్తున్నాను. మొన్న మీ చెల్లెలుగారి ఆఫీసుకి వెళ్ళానండీ. అన్నయ్యగారు బ్యాంకులో గన్‌మ్యాన్‌గా చేశారు కదా, ఆ తుపాకీ మీ ఇంట్లో ఇంకా ఉందేమోనని అడిగాను. నాకు తుపాకీ అంటేనే ముచ్చెమటలు. ఎంత బతిమాలినా ఆవిడ చెప్పనన్నారు. కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి మరీ చెప్పనన్నారు. నన్ను తప్పుగా అనుకోకండి.”

అక్క గదిలో బీరువా వైపు చూసింది. భర్త తుపాకీ అందులోనే, ఆయన యూనిఫాం చొక్కాలో చుట్టి ఉంది. ఆయన గుర్తు అని వదులుకోలేక లైసెన్సు తన పేరుకి మార్పించుకుంది. చెల్లెలు సెలవు పెట్టిన రోజు చూసి మరీ ఆ ఆఫీసుకి వెళ్ళింది. కూతురికి కూడా చెప్పలేదు.

ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టి, “నీకు తెలుసా?” అంది గుసగుసగా.

తాళంకప్ప చల్లారిన టీ ఓ గుక్క తాగింది. “చెప్పను.”

అదే మాట, అదే గొంతు. అక్క కళ్ళు చెమ్మగిల్లాయి. ఫోను మీంచి చెయ్యి తీసేసింది.

“వదినగారూ, మా ఇంట్లో ఉందండీ. పిల్లకి కూడా చెప్పకుండా దాచాను. తూటాలు ఎప్పుడో అప్పగించేశాను గానీ దాన్ని వదల్లేకపోయాను. మీరు వద్దనుకున్నా మిమ్మల్ని తప్పుపట్టను.”

పెళ్ళికూతురు నోరు తెరిచి తల్లినే చూస్తూ ఉండిపోయింది. అవతలి నుంచి పెళ్ళికొడుకు తల్లి అంది.

“మీ నోటితో మీరే చెప్పారు కాబట్టి నా భయం సగం తగ్గింది వదినగారూ. మా ఇంట్లో కూరలు కోసే కత్తి తప్ప మరేం లేదు. కానీ మీ ఇంటికొస్తే నేను ఆ గదిలో మాత్రం పడుకోను, ముందే చెబుతున్నా.”

అక్క ఏడుస్తూనే నవ్వింది. ఫోన్ పెట్టేసి చెల్లెల్ని గట్టిగా పట్టుకుంది.

“రాయి గుండె అన్నానే నిన్ను. అంతలేసి మాటలన్నా నా గుట్టు బయటపెట్టలేదే నువ్వు.”

“ఆఫీసుకి ఆలస్యమవుతోంది అక్కా,” అంది తాళంకప్ప. కానీ అక్క పట్టు విడిపించుకోలేదు.

“పెళ్ళిలోపు దాన్ని అప్పగించేస్తాను. చొక్కా ఒక్కటి ఉంచుకుంటా, చాలు.” అక్క కొంగుతో కళ్ళు తుడుచుకుంది. “మీ ఆఫీసుకి నేనొచ్చే రోజు ముందే చెబుతా. ఆ రోజు నువ్వు సెలవు పెట్టకే.”