ఎక్స్‌ట్రా మెంథాల్, బాగా చిక్కటిది

అమెరికాలో బాతెల్ అనే ఊళ్లో చచ్చిపోయిన సైంటిస్టు నోట్లోంచి పుదీనా వాసన వచ్చింది.

డాక్టర్లు ముందు గుండెపోటన్నారు. పోస్ట్‌మార్టమ్‌లో అసలు సంగతి బయటపడింది. ఆయన పీల్చే వేప్‌లో, అంటే ఎలక్ట్రానిక్ సిగరెట్‌లో, పోసే లిక్విడ్‌లో ఎవరో విషం కలిపారు. మెంథాల్ ఘాటు ముందు విషం వాసన తెలియలేదు. రెండంటే రెండు దమ్ములకే మనిషి పోయాడు. ఒక విదేశీ ముఠా మీద సాక్ష్యం చెప్పాల్సినవాళ్లు ఇద్దరు. వాళ్లలో ఒకడు ఇలా వెళ్లిపోగా రెండోవాడు వర్జీనియాలో, షాంటిలీలో ఉన్నాడు. ఆయనకీ మెంథాల్ వేప్ అలవాటే.

"రెండో సీసా ఈ వారంలోనే చేతులు మారుతుంది," అన్నాడు చీఫ్ హాల్వర్సన్. "ఏజెంట్ చక్రపాణీ, షాంటిలీ ఆపరేషన్ నీది. సీసా తీసుకెళ్లే కొరియర్‌ని పట్టుకోకు. ఫాలో చెయ్యి. నాకు ముఠా మొత్తం కావాలి."

అది 2014 జనవరి. ముక్కు బయటపెడితే ఊడి చేతిలో పడుతుందేమోననిపించే చలి.

షాంటిలీలో ఇండియన్ గ్రోసరీ పక్కనే ఒక వేప్ షాపుంది. దాని కౌంటర్‌లో సిల్వియా కూర్చుంటుంది. ఎర్రటి లిప్‌స్టిక్, నల్లటి ఫర్ కోటు, ఇద్దరి దగ్గరా జీతం. ముఠాకీ ఆమె మనిషే, మనకీ ఆమె మనిషే. ఏ పూట ఎవరి మనిషో ఆ మహాతల్లికే తెలియాలి. కోడ్ వర్డ్ సంపాదించి ఇచ్చింది ఆమే.

"'ఎక్స్‌ట్రా మెంథాల్, బాగా చిక్కటిది' అని అడిగినవాడే కొరియర్," అంది.

"మామూలు కస్టమర్ ఎవడైనా అలా అడిగితే?" అన్నాడు చక్రపాణి.

సిల్వియా పకపకా నవ్వింది. "జనవరిలోనా? బయటి గాలే గొంతు కోస్తోంది, దాని మీద మెంథాల్ కూడానా? చలికాలంలో అందరూ మెంథాల్ తగ్గించేస్తారు. వెనిలా లాంటిదేదో కలుపుకుంటారు. లిక్విడ్ కూడా పల్చటిదే అడుగుతారు. చిక్కటిది ఈ చలికి తేనెలా బిగుసుకుని వేప్‌లో ఉండే దూదిలోకి దిగదు. మెంథాల్ మరీ ఎక్కువైతే సీసా అడుగున పలుకులు కడుతుంది. బుద్ధున్నవాడెవడూ అడగడు. అందుకే అది కోడ్ అయింది. విషం సీసా కౌంటర్ కింద ఉంది. కోడ్ చెప్పినవాడికి నేను ఇచ్చి తీరాలి, వాళ్ల కెమెరా నా నెత్తి మీదే ఉంది."

మంచి కోడేననుకున్నాడు చక్రపాణి. నాలుగు రోజులు ఆ షాపు ముందు కాపలా కాశాడు. నలభై రెండేళ్ల మనిషి తెల్లజుట్టు విగ్గు, మంకీ క్యాప్, మోకాళ్ల నొప్పితో డెబ్భై ఏళ్ల పరంధామయ్య అయిపోయాడు. చేతిలో ఒక వేప్ పెన్ను. కూతురి దగ్గరికొచ్చి, చుట్ట మానలేక దీన్ని పట్టుకున్న పెద్దాయన వేషం అది. పగలంతా కోడ్ వల్లె వేసుకోవడమే పని.

మూడో రోజు మధ్యాహ్నం గోడవార ఒకమ్మాయి వేప్ పీలుస్తూ, తుమ్ముతూ కనిపించింది. మంకీ క్యాప్ చూడగానే తెలుగులో పలకరించింది. పేరు భవిత, ఊరు ఖమ్మం. ఎఫ్-వన్ వీసా మీద వచ్చి ఎమ్మెస్ చేస్తోంది. సిగరెట్ మానేద్దామని దీంట్లో పడిందట.

"మీకు చెప్తే పర్లేదు తాతగారూ, మీరూ తాగుతున్నరు కదా," అంది. "వేరే తెలుగు అంకుల్స్ చూస్తే నా పని అయిపోయినట్టే. సాయంత్రం కల్లా అమ్మకు వాట్సాప్ పోతది."

అంటూనే వరసగా నాలుగు తుమ్ములు తుమ్మింది. ముక్కు టమాటాలా ఉంది. చూసి జాలేసింది చక్రపాణికి.

"ఆ పళ్ల ఫ్లేవర్లు జలుబుకి పనికిరావు తల్లీ. విక్స్ ఆవిరి పట్టినట్టుండాలి. ఎక్స్‌ట్రా మెంథాల్ అడుగు, బాగా చిక్కటిది. ముక్కు ఇట్టే వదులుతుంది."

అనేశాక నాలుక కరుచుకున్నాడు. మూడు రోజులుగా వల్లిస్తున్న మాట దాని దారిన అది వచ్చేసింది. వెంటనే చీఫ్‌కి ఫోన్ చెయ్యాలి. చేస్తే కేసులోంచి పీకేస్తారు, పన్నెండేళ్ల సర్వీసుకి మచ్చ. 'అడగదులే, చిన్నపిల్ల, మర్చిపోతుంది' అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. ఆ రాత్రి అన్నం సహించలేదు. అయినా ఫోన్ చెయ్యలేదు.

మర్నాడు పదకొండు గంటలకి, ఈసారి వేషం లేకుండా, కార్‌లో కూర్చున్నాడు. చెవిలో సిల్వియా గొంతు గుసగుసలాడింది.

"కోడ్ చెప్పింది. సీసా ఇచ్చేశాను. కానీ ఏదో తేడాగా ఉంది చక్రా. ముక్కు తుడుచుకుంటూ అడిగింది."

షాపు తలుపు తెరుచుకుంది. చేతిలో చిన్న కవరుతో భవిత బయటికొచ్చింది.

చక్రపాణి కారు తలుపు మీద చెయ్యేశాడు. చేజేతులా ఒక పసిదాని చేతికి విషం సీసా అందించాడు.

"ముట్టుకోవద్దు," అన్నాడు చెవిలో హాల్వర్సన్. "ఫాలో ఓన్లీ."

"సర్, ఆమె కొరియర్ కాదు."

"నీకెలా తెలుసు?"

గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు చక్రపాణి చెయ్యి నోటిమీదికి పోయింది. నేనే చెప్పానని ఒక్క ముక్క అంటే చాలు. ఉద్యోగం గుర్తొచ్చి ఆగాడు. అలా అర నిమిషం పోయింది. ఆ అర నిమిషం గురించి తర్వాత జీవితమంతా తనని తాను తిట్టుకున్నాడు. చివరికి ఇయర్‌పీస్ పీకి సీటు మీద పడేసి, కారు దిగి పరిగెత్తాడు.

"భవితా! ఆగమ్మా!"

అదీ అతను చేసిన రెండో తప్పు. భవిత వెనక్కి తిరిగి చూసింది. ఎవరో తెలుగు అంకుల్. పైగా పేరు తెలిసిన అంకుల్. ఇంకేముంది, అమ్మ స్నేహితుల్లో ఒకడే అయ్యుంటాడు! కవరు జాకెట్‌లో దోపుకుని గ్రోసరీలోకి దూరింది. చక్రపాణి కూడా దూరాడు. సోనా మసూరి బస్తాలు దించుతున్న ట్రాలీ దారికి అడ్డంగా ఉంది. దాన్ని తోసుకుని వెళ్లేసరికి వెనక తలుపు ఊగుతోంది, పిల్ల లేదు.

వెనక పార్కింగ్‌లో పాతిక కార్లు. అన్నిటి అద్దాల మీదా మంచు పేరుకుని లోపల ఎవరున్నారో కనబడదు. దేవుడా, ఏది? ఒక్క కారు సైలెన్సర్ నుంచి మాత్రం పొగ వస్తోంది. అద్దం మీది మంచు కరిగితే గాని కదలలేని కారు అది. పరిగెత్తి, చేత్తో పక్క అద్దం గీకి చూశాడు.

భవిత అప్పటికే లిక్విడ్ నింపేసింది. అయితే సిల్వియా చెప్పినట్టు అది బిగుసుకుపోయి దూదిలోకి దిగడం లేదు. పాపం, వేప్‌ని హీటర్ గాలికి అడ్డంపెట్టి కరిగిస్తోంది. ఇంతసేపూ ప్రాణం నిలిపింది ఆ చిక్కదనమే.

"తాగొద్దు! అది విషం!" అద్దం బాదుతూ అరిచాడు.

"తెలుసు అంకుల్! అందరూ అదే చెప్తరు!" లోపల్నించి అరిచింది భవిత.

"అది కాదమ్మా, నిజంగా విషం!"

"మీరు సుమతి ఆంటీ వాళ్ల హజ్బెండే కదా? చెప్పుకోండి మా అమ్మకు! ఏమన్న చేసుకోండి! ఎన్నిరోజులని దాచుకోవాలె నేను?" కళ్లనిండా నీళ్లతో, అతని మొహంలోకే చూస్తూ, పంతంగా వేప్ నోటి దగ్గరికి తీసుకుంది. బటన్ మీద వేలు పడింది. చిన్న నీలం లైటు వెలిగింది.

చక్రపాణి జేబులోని పెన్ను తీశాడు. రాయడానికి కాదు, అద్దాలు పగలగొట్టడానికి ఇచ్చిన ఉక్కు పెన్ను అది. మూల మీద ఒక్క పోటుకి అద్దం భళ్లున రాలింది. చెయ్యి లోపలికి పెట్టి, ఆమె పెదాల మీద ఉన్నదాన్ని ఒక్క దెబ్బతో ఎగరగొట్టాడు. అది వెనక సీట్లో పడింది. మొదటి పొగ అక్కడే, ఎవరి ఊపిరిలోకీ వెళ్లకుండా ఆగిపోయింది. తలుపు తెరిచి పిల్లని బయటికి లాగేశాడు.

ఈలోగా షాపులోకి నల్ల కోటు మనిషొకడు వచ్చి, తుమ్మకుండా, అదే కోడ్ చెప్పాడు. సిల్వియా అతనికి ఉత్త పుదీనా సీసా ఒకటి చేతిలో పెట్టింది. హాల్వర్సన్ మనుషులు అతన్ని ఫాలో అయ్యారు. ఒంటిగంటకల్లా రెండో సాక్షి ఇంటి గుమ్మం ముందు ముఠా అంతా దొరికిపోయింది.

అంబులెన్స్‌లో, అద్దం పెంకు గీసుకున్న భవిత అరచేతికి కట్టు కట్టారు. చక్రపాణి బ్యాడ్జ్ చూశాకే అతను సుమతి ఆంటీ హజ్బెండ్ కాదని నమ్మింది.

"నాకు దాన్ని కొనమన్నది ఇక్కడ ఉండే పరంధామయ్య తాతగారు," అంది. "ఆయనను ఏమనకండి. జలుబని మంచికే చెప్పిండు పాపం. ఆయన కూడా అదే కొనుక్కుంటడేమో, ప్లీజ్, పోయి చెప్పండి."

చక్రపాణికి తలెత్తాలనిపించలేదు. తనని చంపబోయినవాడి ప్రాణం గురించి కంగారుపడుతోంది ఈ పిల్ల. ఆ తాత నేనేనమ్మా అని కాళ్లమీద పడాలనిపించింది. "ఆయన క్షేమంగానే ఉన్నాడు," అని మాత్రం అని, తన కోటు విప్పి ఆమె భుజాల మీద కప్పాడు.

సాయంత్రం హాల్వర్సన్ రిపోర్ట్ ముందేసుకుని కూర్చున్నాడు.

"కంగ్రాట్స్. ఒక్క కాలమ్ మిగిలింది. కోడ్ ఆ సివిలియన్‌కి ఎలా చేరింది? సిల్వియానే లీక్ చేసిందని రాసెయ్యనా?"

రాసెయ్యచ్చు. డబుల్ ఏజెంట్ మీద ఏం రాసినా నమ్ముతారు. చక్రపాణి తన బ్యాడ్జ్ తీసి టేబుల్ మీద పెట్టాడు.

"ఆమె కాదు సర్. నేనే చెప్పాను. చెప్పానని తెలిసీ మీకు ఫోన్ చెయ్యలేదు."

హాల్వర్సన్ రిపోర్ట్ మూసేశాడు. "పన్నెండేళ్లు. ఒక్క రహస్యం కూడా బయటికి పోలేదు. వాళ్లు నీకేం ఆశ చూపారు?"

"ఏమీ లేదు సర్. ఆ పిల్లకి జలుబు చేసింది. నేనేమో తెలుగువాణ్ణి, మందు చెప్పకుండా ఉండలేకపోయాను."