తెరవని డిస్కులో తడి

మేడమెట్ల కింద ఆమె శవం. మెడ మీద వేళ్ల గుర్తులు. పక్కనే తడిబట్టల బకెట్టు.

చనిపోయింది సాయంత్రం ఆరు, ఏడు మధ్య అని పోస్ట్‌మార్టమ్ రిపోర్టు.

భర్త అద్దకం మిల్లులో బాయిలర్ ఆపరేటర్. ముందురోజు మొగుడూ పెళ్లాలు పోట్లాడుకోవడం వీధంతా విన్నది.

"ఆ టైములో డ్యూటీలో ఉన్నాను" అన్నాడతను లాకప్పులోంచి.

రిజిస్టర్లో సంతకం ఉంది. దానికి విలువ లేదు. ఆ మిల్లులో ఒకరి సంతకం ఇంకొకరు పెడతారు. చచ్చిపోయిన ఫిట్టరు కూడా పోయిన నెల సగం రోజులు డ్యూటీ చేశాడు.

బాయిలర్ రూములో అతనొక్కడే పనిచేస్తాడు. అతన్ని చూసేది గోడ మీది కెమెరా. అది చూసిందంతా ఒక హార్డ్ డిస్కులోకి వెళుతుంది. ఆ డిస్కు కొన్నాళ్లుగా టకటకమంటోంది. మార్చమంటే మేనేజరు మార్చలేదు.

పోలీస్ ల్యాబ్‌లో టెక్నీషియన్ డిస్కు మూత తీసి ఇన్‌స్పెక్టర్‌కి చూపించాడు. అద్దంలా మెరవాల్సిన పళ్లెం మీద గుండ్రటి గీతలు.

"ఇందులోంచి ఇంకేమీ రాదు సార్."

"కొంచెమైనా?"

"రికార్డింగు ఉండే పూతే లేచిపోయింది. చెడిపోతున్నప్పుడే ఆపేసి తెచ్చుంటే, పళ్లెం చదివే హెడ్ మార్చి చాలావరకు లాగేవాణ్ని."

"ఎవరైనా విప్పి గీకారా?"

"లేదు. స్క్రూ మీద కంపెనీ సీలు ఇందాక నేనే కోశాను."

ఇన్‌స్పెక్టర్ లెన్సు తీసుకుని వంగాడు. చాలాసేపు లేవలేదు. తర్వాత పక్కగదిలో కూర్చోబెట్టిన ముగ్గుర్నీ పిలిపించాడు.

మిల్లు మేనేజరు. చనిపోయినామె తమ్ముడు. కూతురు.

"డిస్కు మీ దగ్గర ఎక్కడుంది?"

"నా బీరువాలో సార్" అన్నాడు మేనేజరు. "తాళం వేసి పెట్టాను. మీరు అడగ్గానే తెచ్చిచ్చాను."

ఇన్‌స్పెక్టర్ డిస్కు వచ్చిన ప్లాస్టిక్ కవరు అతని ముక్కు దగ్గర పెట్టాడు.

"ఏం వాసన?"

మేనేజరు మింగలేక కక్కలేక చూశాడు. "అల్లం... సార్."

"నీ బీరువాలో అల్లం పండుతుందా?"

"అమ్మాయి కాపీ తీసుకుంటానంది సార్. ఏడ్చింది. ఒక్క పూటకి ఇచ్చాను."

మేనమామ లేచాడు. "ఏంటిది సార్? అక్కను చంపినోణ్ని వదిలేసి అల్లం గురించా?"

"కూర్చో. నీ మేనకోడలు ఇప్పుడు ఎవరింట్లో ఉంటోంది?"

"మా ఇంట్లోనే. ఎక్కడికి పోతుంది?"

"మీ బావ జైలుకి పోవాలని నీకు బాగా ఉంది కదా."

"ఉరి తియ్యాలనుంది. దాచేదేముంది? కానీ ఆ డబ్బాని నేను ముట్టుకోలేదు. కెమెరాలో వాడు లేడని తేలితే నాకే కదా సార్ లాభం!"

ఇన్‌స్పెక్టర్ టెక్నీషియన్ వైపు తిరిగాడు. "గీతల పక్కన ఈ చుక్కలేంటి?"

టెక్నీషియన్ చూశాడు. మొహం మాడిపోయింది. "నీటి మరకలు. నేను గీతలే చూశాను సార్."

"తెరవని డిస్కులోకి నీళ్లెలా వెళ్లాయి?"

"గాలి కోసం చిన్న కన్నం ఉంటుంది. చల్లటి డిస్కుని ఒక్కసారిగా బయటికి తీస్తే ఆ గాలిలోని తేమే లోపల చెమ్మవుతుంది. ఆ తడి మీద తిప్పితే ఇలా గీతలే..."

"చల్లటి అంటే?"

"ఫ్రీజర్లో పెట్టి ఉంటారు. చెడిపోయిన డిస్కుకి అదే మందని నెట్‌లో ఎవడో ఒకడు చెబుతుంటాడు."

కూతురు చున్నీ చివర వేలికి చుట్టుకుంటోంది.

"నేనే సార్" అంది. "ఆన్ చేస్తే టకటకమంది. అత్తయ్య ఫ్రీజర్లో, అల్లం ముద్ద పక్కన పెట్టాను. తీసి మళ్లీ ఆన్ చేశాను. గరగరమంది. ఆపలేదు. అదే దారికొస్తుందనుకున్నాను."

మేనమామ పళ్లు కొరికాడు. "అయ్యని కాపాడుకుందామని! కన్నతల్లి కంటే వాడే ఎక్కువయ్యాడే నీకు?"

"కాపాడదామని కాదు మావయ్యా."

"మరెందుకే?"

"నాన్న అందులో ఉన్నాడో లేడో పోలీసుల కంటే ముందు నాకు తెలియాలి. ఎవరో చెప్తే వినలేను."

"చూశావా?" అడిగాడు ఇన్‌స్పెక్టర్.

"ఒక్క బొమ్మ కూడా రాలేదు."

ఇన్‌స్పెక్టర్ ఫైలు మూశాడు. ఓదార్చే అలవాటు అతనికి లేదు. తెలివితక్కువ పనిని మంచి మనసుతో చేసినా జరిగే నష్టం అంతే అని అతని అభిప్రాయం.

"పోట్లాట ఒక్కటే పట్టుకుని కోర్టుకి వెళ్లలేను. రేపు మీ నాన్నని వదిలేస్తాం."

మేనమామ కుర్చీ తన్నేసి బయటికి పోయాడు. మేనేజరు గోడవారగా జారుకున్నాడు.

"చంపలేదనా సార్?" అంది కూతురు.

"అనలేదు."

"చంపాడనా?"

"అదీ అనలేదు. ఇక ఎవరూ ఏదీ అనలేరు. నువ్వు కూడా."

ఆమె గుమ్మందాకా వెళ్లి ఆగింది.

"నాన్న నా కోసం వస్తాడు కదా. తలుపు తియ్యనా సార్?"

ఇన్‌స్పెక్టర్ డిస్కుని సంచిలో వేసి సీలు వేస్తున్నాడు. తల ఎత్తలేదు.

"అది పోలీసుల పని కాదమ్మా" అన్నాడు.