కరెంటు గదిలో శారద

పొద్దున్న స్నానం సత్యలక్ష్మికి పెద్ద పనయిపోయింది. కుడి రొమ్ము మీద డాక్టర్లు ఊదారంగు సిరాతో నాలుగు గీతలు గీశారు. అవి చెరగకూడదు. అక్కడ సబ్బు తగలకూడదు, పౌడరు రాయకూడదు. ఒక్కో చెంబూ కొలిచినట్టు పోసుకునేది.

1991 వేసవి అది. ఆపరేషన్ చేసి గడ్డ తీసేశాక ఇరవై అయిదు రోజులు కరెంటు పెట్టించుకోవాలన్నారు. రేడియేషన్‌ని ఆసుపత్రిలో అందరూ కరెంటనే అంటారు. మొదటి వారం ఏమీ తెలియలేదు. రెండో వారానికి నాలుగు మెట్లెక్కితే కాళ్లు లాగేసేవి. మూడో వారానికి గీతల మధ్య చర్మం కమిలి, మాడిన అట్టులా నల్లబడింది. జాకెట్టు అంచు తగిలితే ప్రాణం పోయినంత పనయ్యేది.

భర్త వీరరాఘవయ్య సినిమాల్లో ప్రొడక్షన్ మేనేజరు. మద్రాసు నుంచి వచ్చి ఫిల్మ్‌నగర్ బండరాళ్ల మధ్య ఇల్లు కట్టుకున్నాడు. చేతిలో ఉన్న రెండు సినిమాలూ వదిలేసి, రోజూ మధ్యాహ్నం భార్యను తనే కారులో ఆసుపత్రికి తీసుకెళ్లేవాడు. నోరు సయించడం లేదంటే పెరుగన్నం మెత్తగా పిసికి స్పూనుతో పెట్టేవాడు.

"అదృష్టవంతురాలివమ్మా" అనేది పక్కింటి అనసూయమ్మ.

ఆ మాట వింటే సత్యలక్ష్మికి ఒళ్లు మండేది. ఆ సేవలు తనకు కాదు, హాల్లో ఫొటోలో ఉన్న శారదాదేవికి. ఆమె వీరరాఘవయ్య మొదటి భార్య. ఎనిమిదేళ్ల కిందట మద్రాసులో ఇదే జబ్బుతో పోయింది. మొన్న నిద్రమత్తులో సత్యలక్ష్మి నుదురు నిమురుతూ ఆయన అడిగాడు: "శారదా, మంచినీళ్లు కావాలా?"

చచ్చిపోయినదాని మీద అసూయేమిటని సిగ్గుపడింది. అసూయ పడకుండా మాత్రం ఉండలేకపోయింది.

పదహారో రోజు. కరెంటు గదిలో బల్ల మీద పడుకుంది. టెక్నీషియన్ బాలనర్సయ్య మిషన్ను గీతలకు సరిపెట్టాడు.

"జర కదలకుండ పండుకోండమ్మా. రెండు నిమిషాలే."

అతను వెళ్లాక మందపాటి తలుపు మూసుకుంది. కిటికీల్లేని గది. డెట్టాలు వాసన. మిషన్ సన్నగా గుయ్‌మంది.

డెట్టాలు వాసనలోకి మెల్లగా మల్లెపూల వాసన వచ్చింది... వాడిపోయిన మల్లెలు.

తల వెనక ఎవరో ఊపిరి పీల్చారు.

కదలకూడదు. కదిలితే కరెంటు ఇంకెక్కడో పడుతుంది. కళ్లు గట్టిగా మూసుకుంది. అప్పుడు కమిలిన చర్మం మీద ఒక అరచెయ్యి ఆనింది. చల్లగా... తడిగా... మంట చల్లారిపోయింది. హాయిగా ఉంది. ఆ హాయికే ఆమెకు వణుకు పుట్టింది.

వరసగా అయిదు రోజులు అలాగే జరిగింది. ఇరవయ్యో రోజు పరీక్ష చేస్తూ డాక్టరమ్మ ఆగిపోయింది. నల్లబడ్డ చర్మం మధ్యలో, సరిగ్గా గడ్డ తీసిన కుట్టు మీద, తెల్లగా ఒక అరచెయ్యి. అయిదు వేళ్లూ విడివిడిగా.

"కరెంటు ముఖ్యంగా పడాల్సింది ఇక్కడే. ఇక్కడే పడలేదేమిటి!" అందామె.

ఆ సాయంత్రం సత్యలక్ష్మి భర్తను అడిగింది.

"శారదక్కకి ఎన్ని రోజులు పెట్టించారండీ?"

వీరరాఘవయ్య హాల్లో ఫొటో వైపు చూశాడు.

"పదిహేను. ఇరవై అయిదు పెట్టాలన్నారు."

"తర్వాత?"

"కాలిపోయిన ఆ ఒంటిని చూడలేకపోయాను సత్యా. షూటింగుందని చెప్పి రాజమండ్రి వెళ్లిపోయాను. షూటింగూ లేదు, ఏమీ లేదు. నేనొచ్చి తీసుకెళ్తానని రోజూ చీర మార్చుకుని, పూలు పెట్టుకుని గుమ్మంలో కూర్చునేదట."

మర్నాడు కరెంటు గది తలుపు మూసుకోగానే చెయ్యి వచ్చి ఆనింది.

"అక్కా... చెయ్యి తియ్యి."

చెయ్యి ఇంకా నొక్కింది. చెవి పక్కనే గుసగుస.

"నా కోసం రాలేదు... నీ కోసం రోజూ వస్తున్నారా?"

సత్యలక్ష్మి కళ్లు తెరవకుండానే అంది.

"నాకు బతకాలనుంది అక్కా. ఆయన్ని నువ్వే తీసుకో."

చెయ్యి లేచింది.

డాక్టర్లు మరో అయిదు రోజులు కలిపారు. తెల్లమచ్చ ఎర్రబడింది, నల్లబడింది, పొరలు పొరలుగా ఊడింది. ఆ మంటకు ఏడుస్తూనే సత్యలక్ష్మి దేవుడికి దండం పెట్టుకుంది.

అన్నీ పూర్తయిన మర్నాడు మధ్యాహ్నం, మేడ మీద వరండాలో పడుకుని ఉంది. కింద వీరరాఘవయ్య ఇస్త్రీ చొక్కా తొడుక్కుని కారు దగ్గరికి నడుస్తున్నాడు.

"ఏవండీ! అయిపోయాయిగా, ఎక్కడికి?"

ఎవరో కొత్తమనిషిని చూసినట్టు పైకి చూశాడు.

"ఆసుపత్రికి. ఇంకా పది మిగిలాయి."

ఎడమవైపు తలుపు తీసి పట్టుకున్నాడు. కుచ్చిళ్లు సర్దుకునేదాకా ఆగినట్టు ఆగి, మెత్తగా మూశాడు.

సత్యలక్ష్మికి ముందు భయం వెయ్యలేదు. అసూయ భగ్గుమంది. చెప్పులైనా వేసుకోకుండా మెట్లు దిగి గేటు దాకా పరిగెత్తింది.

కారు కదిలింది. ఆయన రెండు చేతులూ స్టీరింగు మీదే ఉన్నాయి. పక్కసీటు ఖాళీ.

ఆ వైపు అద్దం మాత్రం, లోపల ఎవరో పిడి తిప్పుతున్నట్టు, కొంచెం కొంచెంగా పైకి లేచి మూసుకుంది.