మోగని బెల్టు

పొద్దున్నే ఆఫీసు తాళం తీయడానికి వచ్చిన మరిదికి మెట్ల మీద ఒక యువతి కూర్చుని కనిపించింది. రాత్రంతా కంటిమీద కునుకు లేదని మొహమే చెబుతోంది. చేతిలో చిన్న గుడ్డసంచి.

మరిది బ్యాంకు ఉద్యోగానికి స్వస్తి చెప్పి, ప్రైవేట్ డిటెక్టివ్ అయిన వదిన దగ్గర సహాయకుడిగా చేరి చాలా కాలమైంది. తన బుర్ర మీద లేని నమ్మకం అతనికి వదిన బుర్ర మీద ఉంది. ఆ వచ్చినామెను లోపల కూర్చోబెట్టి టీ ఇచ్చాడు. కాసేపట్లో వదిన కూడా వచ్చింది.

"మేడమ్, నేను చేసిన వస్తువు వల్ల పసిపిల్లల ప్రాణం పోతుందేమోనని భయంగా ఉంది" అంది ఆ యువతి.

"ముందు టీ తాగమ్మా. తర్వాత మొదటి నుంచి చెప్పు."

ఆమె నర్సు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వార్డులో పనిచేసింది. అంత చిన్న పిల్లలు ఒక్కోసారి ఊపిరి తీయడం మర్చిపోతారు. పక్కనున్నవాళ్లు గుర్తుపట్టి తట్టాలి. అలా ఒక బిడ్డ సంగతి ఆలస్యంగా తెలిసి, ఆ బిడ్డ చావు అంచుదాకా వెళ్లి వచ్చింది. అప్పటి నుంచి నర్సుకి మనసు మనసులో లేదు. పసిపాప పొట్ట కదలికను గుర్తించి, అది ఆగగానే మోగే బెల్టు ఒకటి తయారుచేసింది. దాన్ని ఆసుపత్రులదాకా తీసుకెళ్లడమెలాగో నేర్చుకుందామని ఒక శిక్షణ కేంద్రంలో చేరింది. వైద్య పరికరాలు కనిపెట్టి తలపండినవాళ్లు, కంపెనీలు నడిపేవాళ్లు అక్కడ పాఠాలు చెబుతారు.

"రబ్బరు బొమ్మ పొట్టలోకి గాలి పంపి పరీక్షిస్తాం. గాలి ఆపితే బెల్టు మోగాలి. నా గదిలో ప్రతిసారీ మోగుతుంది. కేంద్రం హాల్లో మోగదు."

"ఒక్కసారి కూడా మోగలేదా?"

"నిన్న మోగింది. డైరెక్టర్‌గారు ట్రాఫిక్‌లో చిక్కుకుని ఆలస్యమైతే, ఈలోగా ఒకసారి చూద్దామన్నారు మాష్టారు. చక్కగా మోగింది. డైరెక్టర్‌గారు వచ్చాక మళ్లీ చేస్తే ఉలుకూ పలుకూ లేదు."

మాష్టారంటే సెలైన్ చుక్కలను అదుపుచేసే పరికరం కనిపెట్టిన పెద్దాయన. డైరెక్టర్ ఒక పరికరాల కంపెనీ అధిపతి, వ్యాపారం పాఠాలు చెబుతాడు.

"డైరెక్టర్‌గారు దేవుడిలాంటివారు మేడమ్. హక్కులు రాసిచ్చేస్తే లోపాలు ఆయనే చూసుకుంటారట. ఇవాళ సాయంత్రం సంతకం పెడతానన్నాను. కానీ ఎందుకు మోగదో తెలియకుండా ఎవరి చేతిలోనైనా ఎలా పెట్టను?"

డిటెక్టివ్ లేచింది. "పద, హాలు చూద్దాం."

హాలు మధ్యలో పొడవాటి చెక్కబల్ల. దాని చివర ఒక కుర్రాడు సరంజామా సర్దుకుంటున్నాడు. నర్సు సహాధ్యాయి, గుండె చప్పుడు వినే పరికరం అతనిది. ఇద్దరిలో ఒకరినే కంపెనీలవాళ్ల ముందుకు పంపుతారని తెలిసి మరిది అతనివైపు అనుమానంగా చూశాడు.

"ఈమె ఓడిపోతే నీకు లాభమే కదా?" అని సూటిగా అడిగింది డిటెక్టివ్.

"నా గోడు వినేవాళ్లేరండీ" అన్నాడతను. "ఈవిడ పరీక్ష జరుగుతుంటే నేను ఈ చివర నా పరికరం సరిచూసుకుంటాను. గుండె చప్పుడు పోయి గుయ్యిమని ఒకటే రొద. పరీక్ష కాగానే ఆగిపోతుంది. నా వైరింగే తప్పేమోనని నోరు మెదపలేదు."

"నిన్న మొదటిసారి బెల్టు మోగినప్పుడు?"

అతను ఆలోచించాడు. "అప్పుడు రొద లేదండీ."

అప్పుడే లోపలికొచ్చిన మాష్టారు విసుగ్గా ఉన్నాడు. "వార్డుకి తీసుకెళ్లి పరీక్షిద్దామని నెత్తీనోరూ బాదుకున్నాను. డైరెక్టర్ ససేమిరా అన్నాడు. ఈ హాల్లో, ఈ బల్ల మీదే చెయ్యాలంటాడు."

డిటెక్టివ్ బల్ల కిందకు దూరి కాసేపు బయటికి రాలేదు. వచ్చాక మోకాళ్లు దులుపుకుంటూ, "క్యాంటీన్ నుంచి పెద్ద స్టీలు పళ్లెం, గుప్పెడు చెంచాలు పట్రా" అంది. ఎందుకని మరిది అడగలేదు. అడిగినా చెప్పదని అతనికి అనుభవమే.

సాయంత్రం అందరూ చేరారు. డైరెక్టర్ చిరునవ్వుతో ఒప్పంద పత్రం బల్ల మీద పెట్టాడు.

"సంతకానికి ముందు ఒక్కసారి పరీక్ష చూడాలని ఉందండి" అంది డిటెక్టివ్.

"నిక్షేపంగా. నాకూ ఆ అమ్మాయి గెలవాలనే ఉంది" అంటూ డైరెక్టర్ వెనక్కి జరిగి, కోటు జేబులో చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు.

నర్సు బొమ్మకు బెల్టు కట్టి, గాలి ఆపింది. అంతే, హాలు మూలనున్న కుర్చీ మీద, తువ్వాలు కప్పిన పళ్లెంలో చెంచాలు గలగలమని చిందులేశాయి. అదే క్షణంలో బెల్టు కూడా కూతపెట్టింది. డైరెక్టర్ ఉలిక్కిపడ్డాడు. చెంచాల గోల ఠక్కున ఆగిపోయింది.

"ఆపినందుకు సంతోషం. రిమోట్ బటన్ ఎవరి జేబులో ఉందో తెలిసింది" అంది డిటెక్టివ్.

ఆమె తువ్వాలు తీసింది. చెంచాల మధ్య అరచేయంత మోటారు. "నడుంనొప్పి మసాజ్ మిషన్లలో వాడేది. మీ కంపెనీ ముద్రే ఉంది. పొద్దున బల్ల అడుగున అంటించి ఉంది, నేనే తీసి ఇక్కడ పెట్టాను. ఇది అదిరితే బల్ల అదురుతుంది, బల్ల మీది బొమ్మ అదురుతుంది. బిడ్డ ఊపిరి తీస్తోందనుకుని బెల్టు ఊరుకుంటుంది. ఆ రొదే ఈ అబ్బాయి పరికరంలో వినిపించింది. తన పరికరాన్ని తానే ఎవరూ చెడగొట్టుకోరు. వార్డుకి తీసుకెళ్దామన్న మాష్టారికి ఈ బల్లతో పనే లేదు. నిన్న మీరు ఆలస్యమైనప్పుడు బెల్టు మోగింది, మీరు రాగానే మూగబోయింది. పనికిరాదని నమ్మిస్తే హక్కులు కారుచౌకగా వస్తాయి. అవునా?"

డైరెక్టర్ మొహంలో కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు. పత్రం తీసుకోబోయాడు. మాష్టారు దాని మీద చెయ్యి వేశాడు.

"ఇది ఇక్కడే ఉంటుంది. కేంద్రం పెద్దలు చూడాలి. నువ్వు వెళ్లు."

అతను తలవంచుకుని వెళ్లిపోయాక నర్సు కుర్చీలో కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. గుండెల మీది బండ దిగిపోయిన ఏడుపది. "అయితే నా బెల్టులో తప్పులేదన్నమాట" అంది కళ్లు తుడుచుకుంటూ.

"ఉంది" అన్నాడు మాష్టారు. "వార్డులో పంపులుంటాయి, ఫ్రిజ్‌లుంటాయి, మంచాలు అదురుతాయి. వాడు కుట్రతో చేసిందే రేపు అక్కడ దానంతటదే జరుగుతుంది. బిడ్డకు కట్టకముందే తెలిసింది, బతికిపోయాం. ఇప్పుడేం చేస్తావ్?"

నర్సు బొమ్మను ఎత్తి, దాని కింద బల్ల మీద అరచెయ్యి ఆనించింది. "పరుపు కింద ఇంకో సెన్సర్ పెడితే? మంచం కదలిక వేరు, పొట్ట కదలిక వేరు. మొదటిదాన్ని రెండోదాంట్లోంచి తీసేస్తే..."

"అదీ పాఠమంటే. ఆ మోటారు పట్రా. దాన్ని మళ్లీ బల్లకే బిగిద్దాం" అని మాష్టారు చొక్కా చేతులు మడిచాడు. గుండె చప్పుడు కుర్రాడు అప్పటికే స్క్రూడ్రైవర్ తెచ్చాడు.

అనుమతులు, ఆసుపత్రుల పరీక్షలు అన్నీ దాటేసరికి చాలా నెలలు పట్టింది. ఒక మధ్యాహ్నం ఆఫీసులో ఫోన్ వస్తే మరిది తీశాడు. అవతల నర్సు గొంతు. విని, గబగబా ఫోన్ వదిన చేతికిచ్చాడు.

"మేడమ్, ఇందాక వార్డులో బెల్టు మోగింది. పరిగెత్తాం. పాప ఇప్పుడు పాలు తాగుతోంది."

డిటెక్టివ్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "ఏడుపు ఆగిందా?"

"ఆగింది మేడమ్."

"పాపది కాదమ్మా. నీది."

అవతల నుంచి నవ్వు వినిపించింది.