పద్మకుమారి తెర

"నా నెమలి మెడ ఎవరు తిప్పేరు?"

జగన్నాధం సబ్బు లేబుల్ చేత్తో పట్టుకుని, చెప్పులైనా విడవకుండా అరుగెక్కేశాడు.

విజయనగరంలో గంటస్తంభానికి రెండు వీధులవతల, ఒక పెంకుటింటి ముందుగదిలో ఉండేది నారాయణమూర్తి చిత్రశాల. దుకాణాల బోర్డులు, సబ్బులకీ నశ్యం డబ్బాలకీ లేబుళ్లు, నాటకాల తెరలు అక్కడ తయారయ్యేవి. సబ్బుల షావుకారొకడు ముందు జగన్నాధం చేత నెమలి గీయించుకుని, నచ్చక ఇక్కడ దిద్దించుకున్నాడు. ఆ సంగతి తెలిసి కుర్రవాడికి ఒళ్లు మండిపోయింది.

నారాయణమూర్తి కుడిచెయ్యి కండువా కింద దాచుకుని కుర్చీలో కూచున్నాడు. ఆయన నోరు విప్పేలోగా లోగుమ్మం వెనక నుంచి జవాబొచ్చింది.

"అది నెమలా? గిన్నికోడనుకుని, మేమే నెమలిని సేసేం."

జగన్నాధం తలుపు రెక్క పక్కకి తోసి చూశాడు. జడలో పెన్సిల్ గుచ్చుకుని, వేళ్లకి ఆకుపచ్చ రంగు పూసుకుని ఒక అమ్మాయి నేలమీద కూచుని ఉంది. ఒళ్లో సగం గీసిన బొమ్మ ఉంది.

నారాయణమూర్తి మొహం పాలిపోయింది.

"కూచో బాబూ. సూసేశావు కాబట్టి సెప్తన్నాను. పక్షవాతమొచ్చి నా చెయ్యి పడిపోయి రెండేళ్లయింది. అప్పట్నుంచీ గీసేదంతా మా పద్మకుమారే. పేరు మాత్రం నాది. ఆడపిల్ల గీస్తన్నాదంటే పని ఎవడిస్తాడు? బైట అనకు."

జగన్నాధం లేబుల్ మళ్లీ చూసుకున్నాడు. మెడ అలా తిప్పగానే పక్షి బతికినట్టుంది. కోపం పోయి సిగ్గేసింది.

"అనను. నన్నిక్కడ పనిలో పెట్టుకోండి."

"బెదిరిస్తన్నావేటి?" అంది పద్మకుమారి.

"లేదు. నేర్చుకుందావని."

ఆమె నవ్వు ఆపుకోలేక తల దించేసుకుంది.

అది నలభై నాలుగో సంవత్సరం. యుద్ధం మూలాన మంచి రంగు దొరకడమే గగనమైపోయింది. ఉన్నదానితోనే ఇద్దరూ పనిచేసేవారు. అక్షరాలు జగన్నాధానివి, బొమ్మలు పద్మకుమారివి. అతని 'శ్రీ' అక్షరం పొట్ట పెంచుకున్న షావుకారులా ఉందని ఆమె వెక్కిరించేది. ఆమె గీసిన షావుకారు 'శ్రీ' అక్షరంలా ఉన్నాడని అతను అనేవాడు. ఇల్లు చూసుకునే పద్మకుమారి మేనత్త గురమ్మ వంటింట్లోంచి, "ఒసే, బొమ్మలు గీస్తన్నావా, కబుర్లాడతన్నావా?" అని కేకేసేది.

ఆ ఏడు కార్తీకంలో ఒక నాటక సమాజం వాళ్లు ఉద్యానవనం తెర కావాలన్నారు. శివరాత్రికి ప్రదర్శన. గదిలో పట్టనంత తెర! పెరటి పాకలో పరిచి, మోకాళ్లమీద కూచుని గీస్తుంటే, ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి వాన విరుచుకుపడింది. పాక కారడం మొదలెట్టింది. ఇద్దరూ చెరో చివరా పట్టుకుని తెర చుట్టేసి, గోనెపట్టా కప్పి, అదే పట్టా అంచు కింద తలలు దూర్చి నిలబడ్డారు. ఆమె బుగ్గమీద నీలం చార ఒకటి కరిగి గడ్డం దాకా జారింది. అతను అటే చూస్తున్నాడు.

"ఏటలా సూస్తన్నావు?"

"ఆ రంగు తుడవాలా, ఉంచాలా అని."

"పనివాడివి కదా, నువ్వే సెప్పు."

అతను తుడవలేదు. "మీ నాన్నగారిని అడగనా?" అన్నాడు నెమ్మదిగా.

ఆమె వాన వంక చూసింది. "అడిగి? నేనెల్లిపోతే ఆయనకి సెయ్యెవరు?"

"నువ్వెల్లడమెందుకు? నేనే ఇక్కడుంటాను."

"మీ అమ్మ ఒప్పుతాదా?"

"ఒప్పిస్తాను."

జగన్నాధం వాళ్లది కోటబొమ్మాళి. వరికోతలకి ఎలాగూ వెళ్లాలి. ఒక్కగానొక్క కొడుకు ఇల్లరికం వెళ్లిపోతానంటే తల్లి తవిటమ్మ మూడు రోజులు అన్నం ముట్టలేదు. కోతలయ్యాయి, నూర్పులయ్యాయి. చివరికి ఒకనాడు, "సుఖపడతావనుకుంటే ఎల్లు" అందామె, మొహం తిప్పుకుని. నెలన్నర దాటాక జగన్నాధం పట్టలేని సంతోషంతో విజయనగరం రైలెక్కాడు.

చిత్రశాల గుమ్మానికి వేపమండలు కట్టి ఉన్నాయి.

"రాకు బాబూ," గురమ్మ లోపలినుంచే చేతులడ్డం పెట్టింది. "పిల్లకి అమ్మవారు పోసింది. రాకు."

అతను ఎదురింటి అరుగుమీదే ఉండిపోయాడు. తెర సగంలో ఉంది, శివరాత్రి దగ్గరకొచ్చేసింది. తెర బయటికి తెప్పించుకుని, ఆ ఇంటి పెరట్లో పరిచి, ఆమె పెన్సిల్‌తో గీసి పెట్టుకున్న గీతల మీదే పగలంతా రంగులేశాడు. సొంతంగా ఒక్క ఆకు కూడా చేర్చలేదు. సాయంత్రం కాగానే, "ఎలా ఉన్నాది?" అని వీధిలోంచి అడిగేవాడు. "ఉన్నాది" అనేది గురమ్మ. అంతకుమించి చెప్పేది కాదు.

పద్మకుమారి బతికింది. రెండు కళ్లూ పోయాయి.

వేపమండలు తీసేసిన రోజున అతను లోపలికి పరుగెత్తాడు. గది తలుపు మూసి ఉంది.

"ఎల్లిపో," అంది లోపలినుంచి. "సూడ్డానికేటీ లేదిక్కడ. మీ ఊరెల్లిపో."

మర్నాడూ అదే మాట. ఆ మర్నాడూ అంతే. అతను ముందుగదిలో కూచుని బోర్డులకి అక్షరాలు రాసుకునేవాడు. ఏ పూటా బతిమాలలేదు, ఏ పూటా వెళ్లిపోలేదు.

నాటకం మేనేజరు తెర కోసం వచ్చాడు. విప్పి చూసి అలాగే నిలబడిపోయాడు. "నారాయణమూర్తిగారూ, మీ చేతిలో ఇంకా ఇంత పనితనం ఉన్నాదా!" అన్నాడు.

నారాయణమూర్తి కండువా తీసి, చచ్చుబడ్డ చెయ్యి పైకి కనిపించేలా ఒళ్లో పెట్టుకున్నాడు.

"నాది కాదు. మా అమ్మాయి గీసింది. రెండేళ్ల పైనుంచీ అన్నీ ఆమే గీసింది." ఆయన మూసిన గది తలుపు వైపు చూశాడు. "ముందే సెప్పవలసింది. దానికి కళ్లుండగా సెప్పవలసింది."

మేనేజరు తెర చుట్టించుకుని వెళ్లిపోయాడు. కాసేపటికి లోపలి గడియ తీసిన చప్పుడైంది.

"జగన్నాధం ఉన్నాడా?"

అతను లేచి వెళ్లాడు. ఆమె గోడకి జేరబడి కూచుని ఉంది.

"ఒకటడుగుతాను. నాన్న నా మొహం బాగానే ఉన్నాదంటాడు. అత్తనడిగితే ఏడుస్తాది. నా మొహమెలా ఉన్నాదో నాకు తెలీదు. నువ్వు పనివాడివి. ఉన్నదున్నట్టు సెప్పు."

జగన్నాధం ఎదురుగా కూచున్నాడు. అబద్ధం ఎంత తేలికో ఆ క్షణాన తెలిసింది.

"బుగ్గల మీద మచ్చలున్నాయి," అన్నాడు. "ఎడంవైపు ఎక్కువ. నుదుటిమీద నాలుగు, లోతుగా. కుడి కన్ను మూసుకుపోయింది. ఎడంకన్ను తెరిచే ఉన్నాది, కానీ తెల్లబడిపోయింది. కనుబొమల్లో చాలా వెంట్రుకలు రాలిపోయాయి."

"ఇంకా?"

"పెదవులకేటీ అవలేదు. గడ్డం అలాగే ఉన్నాది. సిక్కిపోయావు. సూస్తే ఎవరికైనా బాధేస్తాది. నాకూ వేస్తన్నాది."

జబ్బు చేసిన నాటి నుంచి పద్మకుమారి ఏడవలేదు. ఇప్పుడు ఏడ్చింది. చూపు లేని కళ్లలోంచి అన్ని నీళ్లు ఎలా వస్తాయో అని అతను ఆశ్చర్యపోయాడు. తనకీ కారుతున్నాయని తర్వాత తెలిసింది.

"ఇంక గియ్యలేను కదా," అంది చివరికి.

అతను కాదనలేకపోయాడు. "గియ్యలేవు" అన్నాడు.

"మరెందుకున్నావు?"

"ఎల్లిపోదావని ఒకసారి స్టేషన్ దాకా ఎల్లాను. భయమేసింది. నీతో ఉండడానికీ భయంగానే ఉన్నాది, అబద్ధమాడను. కానీ అక్కడ నిలబడితే రైలెక్కబుద్ధి కాలేదు."

గుమ్మం దగ్గర నారాయణమూర్తి ఎప్పుడొచ్చి నిలబడ్డాడో ఇద్దరికీ తెలీదు. ఎడంచేత్తో తలుపు పట్టుకుని, "బాబూ," అన్నాడు. "మీ అమ్మగారికి ఉత్తరం రాయి. మా అమ్మాయి సంగతి ఏదీ దాచకు. అంతా తెలిసి కూడా ఆవిడ వస్తానంటే, పెళ్లి వైశాఖంలో పెట్టుకుందాం."

"వస్తాది," అన్నాడు జగన్నాధం. గొంతులో మాత్రం అంత ధైర్యం లేదు.

ముసలాయన వెళ్లిపోయాడు. పద్మకుమారి పైటచెంగుతో మొహం తుడుచుకుని మెల్లిగా చెయ్యి చాపింది. అతను ఉన్నవైపు కాదు, కొంచెం పక్కకి, ఖాళీలోకి.

జగన్నాధం లేచి, ఆ చెయ్యి ఉన్నచోటికి వెళ్లి కూచున్నాడు.